ఎడీ రాబిన్సన్: గెలుపుల లెక్కలో ఇమడని కోచ్

వృత్తి జట్ల పోటీ అయిన అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ 1963 సీజన్ కోసం కళాశాల ఆటగాళ్లను ఎంపిక చేసుకున్నప్పుడు అందరికన్నా ముందు పిలిచిన పేరు బక్ బుకానన్. ఆరడుగుల ఏడంగుళాల ఆ యువకుడు చదివింది లూసియానా రాష్ట్రపు ఉత్తర భాగంలోని గ్రాంబ్లింగ్ అనే చిన్న ఊరి కళాశాలలో. పెరిగింది మాత్రం పొరుగున మరో రాష్ట్రం దాటాక వచ్చే అలబామాలో, బర్మింగ్‌హామ్ నగరంలో. ఆ నగరానికి వంద కిలోమీటర్లలోపే అలబామా విశ్వవిద్యాలయం ఉంది. 1961లో దేశంలోకెల్లా మేటి జట్టుగా నిలిచింది కూడా ఆ విశ్వవిద్యాలయమే. అయినా బుకానన్‌కు అక్కడ చోటు లేదు. 1956లో చేరిన ఒక నల్లజాతి విద్యార్థినిని రోజుల వ్యవధిలోనే బయటకు పంపిన ఆ విశ్వవిద్యాలయం, 1963 జూన్‌లో ఫెడరల్ ప్రభుత్వం జోక్యం చేసుకునేదాకా మరో నల్లజాతి విద్యార్థిని చేర్చుకోలేదు. నల్లజాతి ఆటగాడికి ఫుట్‌బాల్ ఉపకార వేతనం ఇవ్వడానికి దానికి 1970 దాకా పట్టింది. సొంత రాష్ట్రం కాదన్న ఆ కుర్రాణ్ణి దేశంలో మొదటి ఎంపికగా తీర్చిదిద్దిన కోచ్ పేరు ఎడీ రాబిన్సన్.

రాబిన్సన్ 1941 నుంచి 1997 వరకు ఆ ఒక్క కళాశాలకే ప్రధాన కోచ్‌గా పనిచేశారు. యుద్ధకాలంలో ఆట ఆగిపోయిన రెండేళ్లు తీసేస్తే 55 సీజన్లలో ఆయన జట్లు 408 ఆటలు గెలిచి, 165 ఓడి, 15 సమంగా ముగించాయి. ఆయనను పరిచయం చేసేవారు సాధారణంగా ఈ అంకెల దగ్గరే ఆగిపోతారు. అంతటి ప్రతిభ ఒక మారుమూల ఊరికి ఎందుకు చేరిందో, తర్వాతి కాలంలో ఎందుకు చేరడం మానేసిందో ఆ అంకెలు చెప్పవు. రెంటికీ కారణం ఒక్కటే, అది దక్షిణాది రాష్ట్రాల వర్ణ విభజన. పెద్ద విశ్వవిద్యాలయాలు నల్లజాతి కుర్రాళ్లకు తలుపులు మూసినంత కాలం వాళ్లు గ్రాంబ్లింగ్‌కు వచ్చారు. ఆ తలుపులు తెరుచుకున్నాక వేరే దారి పట్టారు. ఆ తలుపులు తెరుచుకోవడానికి దోహదం చేసినవాటిలో రాబిన్సన్ శిష్యుల ఆట కూడా ఒకటి. తన పని ఫలించిన కొద్దీ తన జట్టుకు మిగిలేది తగ్గిపోయే స్థితిలో, అది తెలిసి కూడా, ఆయన అర్ధ శతాబ్దం పనిచేశారు. ఆయన గొప్పతనం 408 అనే సంఖ్యలో కన్నా ఇందులోనే ఎక్కువగా ఉంది.

తెలుగునాట ఫుట్‌బాల్ అనగానే కాలితో ఆడే ఆట గుర్తొస్తుంది కాబట్టి ఈ ఆట గురించి కొంత చెప్పుకోవాలి. అమెరికన్ ఫుట్‌బాల్‌లో కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తుతూ, సహచరులకు విసురుతూ అవతలి కొసకు చేర్చాలి. బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు ప్రయత్నాలుంటాయి. వాటిలో పది గజాలు ముందుకు సాగలేకపోతే బంతిని ఎదుటివారికి వదులుకోవాలి. ప్రతి ప్రయత్నానికీ ముందే పదకొండు మందిలో ఎవరు ఎటు కదలాలో నిర్ణయమైపోతుంది. ఆ వ్యూహాన్ని మైదానంలో నడిపించేవాడు క్వార్టర్‌బ్యాక్. ఎదుటి జట్టు నిలబడిన తీరు చూసి చివరి క్షణంలో వ్యూహం మార్చేదీ, మీదికి దూకుతున్నవారి నడుమ నిబ్బరంగా నిలబడి బంతి విసిరేదీ అతనే. నల్లజాతి ఆటగాళ్లకు వేగం, బలం ఉంటాయి గానీ ఆలోచన, నాయకత్వం ఉండవన్న దురభిప్రాయం ఈ స్థానం దగ్గర అన్నిటికన్నా మొండిగా పనిచేసింది. కళాశాలలో క్వార్టర్‌బ్యాక్‌గా మెరిసిన నల్లజాతి యువకుడు వృత్తి జట్టులోకి వెళ్లగానే అతణ్ణి బంతి అందుకునే స్థానానికో రక్షణ వరుసకో మార్చేయడం దశాబ్దాల పాటు మామూలు వ్యవహారంగా సాగిపోయింది.

కళాశాల ఫుట్‌బాల్ అమెరికాలో కేవలం విద్యార్థుల ఆట కాదు. శరదృతువు శనివారాల్లో విశ్వవిద్యాలయాల ఊళ్లకు ఊళ్లే స్టేడియం వైపు కదిలిపోవడం అక్కడ పిల్లలను చదివించే తెలుగు కుటుంబాలకు తెలిసిన దృశ్యమే. ఈనాడు చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వోద్యోగుల జీతాల్లో అత్యధికం ఏదో ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ కోచ్‌దే. 1941లో రాబిన్సన్‌కు ఇస్తామన్న జీతం నెలకు 63 డాలర్ల 75 సెంట్లు.

ఆయన 1919 ఫిబ్రవరి 13న లూసియానాలోని జాక్సన్ అనే ఊళ్లో పుట్టారు. తండ్రి పరుల భూమిని పాలుకు సాగుచేసే రైతు, తల్లి ఇళ్లలో పనిచేసేవారు. కుటుంబం రాష్ట్ర రాజధాని బాటన్ రూజ్‌కు మారింది. రాష్ట్రంలోకెల్లా పెద్దదైన లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయమూ, దాని భారీ స్టేడియమూ అదే నగరంలో ఉన్నాయి. ఆ బాలుడు ఎంత బాగా చదివినా, ఎంత బాగా ఆడినా ఆ ప్రాంగణంలో విద్యార్థి కాలేడు. దగ్గర్లోనే ఉన్న లీలాండ్ అనే చిన్న నల్లజాతి కళాశాలలో చేరి క్వార్టర్‌బ్యాక్‌గా ఆడారు. పట్టా చేతికొచ్చాక దొరికింది పశువుల దాణా మిల్లులో గంటకు 25 సెంట్ల కూలి. 1941లో డోరిస్‌తో పెళ్లయింది. ఉత్తరాన ఒక కళాశాలకు కోచ్ కావాలన్న కబురు బంధువుల ద్వారా అందింది. అప్పటికి ఆయన వయసు 22 ఏళ్లు.

ఆ కళాశాలది కూడా అలాంటి నేపథ్యమే. 1901లో నల్లజాతి రైతుల పిల్లలకు వ్యవసాయం, చేతిపనులు నేర్పే బడిగా మొదలై, 1941 నాటికి ఉపాధ్యాయ శిక్షణ ఇచ్చే సంస్థగా ఎదిగింది. గ్రాంబ్లింగ్ కళాశాల అన్న పేరు 1946లోనూ, విశ్వవిద్యాలయ హోదా 1974లోనూ వచ్చాయి. కళాశాల అధ్యక్షుడు రాల్ఫ్ వాల్డో ఎమర్సన్ జోన్స్ స్వయంగా బేస్‌బాల్ జట్టుకు శిక్షణ ఇచ్చేవారు. 1936 నుంచి 1977 దాకా ఆ పదవిలో ఉన్న జోన్స్‌కు ఆట విలువ తెలుసు: డబ్బు, పలుకుబడి లేని ఒక నల్లజాతి కళాశాల పేరు రాష్ట్రం దాటి వినిపించాలంటే ఆటస్థలం కన్నా దగ్గరి దారి లేదు. రాబిన్సన్ విజయానికి ఈ ఒక్క అధ్యక్షుడి దీర్ఘకాలపు అండ ఎంత ముఖ్యమో తరచుగా మరిచిపోతారు. ఒకటి రెండు సీజన్లు బాగుండకపోతే కోచ్‌ను మార్చే అలవాటు ఆనాటికీ ఉంది.

మొదట్లో రాబిన్సన్‌కు సహాయకులంటూ ఎవరూ లేరు. మైదానంలో గడ్డి కోయడం, సున్నంతో గీతలు గీయడం, ఆటగాళ్ల చీలమండలకు కట్లు కట్టడం, బాస్కెట్‌బాల్ జట్టుకు కూడా శిక్షణ ఇవ్వడం, ఆట ముగిశాక పత్రికలకు వార్త రాసి పంపడం అన్నీ ఆయన పనులే. మొదటి సీజన్‌లో మూడు గెలిచి ఐదు ఓడారు. మరుసటి సంవత్సరం, 1942లో, ఆయన జట్టు తొమ్మిదికి తొమ్మిది ఆటలు గెలిచింది. ఆ తొమ్మిదింటిలో ఒక్క పాయింటు కూడా ఎదుటి జట్లకు దక్కలేదు. కళాశాల ఫుట్‌బాల్‌లో ఒక సీజన్ మొత్తం అలా గడవడం అత్యంత అరుదు. వెనువెంటనే రెండో ప్రపంచ యుద్ధం కారణంగా కళాశాల జట్టు ఆగిపోయింది. ఆ కాలంలో ఆయన ఊళ్లోని ఉన్నత పాఠశాల జట్టును నడిపారు. పత్తి తీతల కాలంలో ఒక రైతు తన కొడుకులిద్దరినీ ఆట మాన్పించి చేలోకి తీసుకుపోతే, రాబిన్సన్ మిగతా జట్టునంతా వెంటబెట్టుకుని వెళ్లి ఆ పత్తి తీయించి అన్నదమ్ములను వెనక్కి తెచ్చుకున్నారని చెబుతారు. తండ్రితో వాదనకు దిగకుండా ఆ ఇంటి అవసరాన్ని తీర్చిన ఈ పద్ధతి ఆయన తర్వాతి జీవితంలోనూ చాలాచోట్ల కనిపిస్తుంది.

దక్షిణాదిలో నల్లజాతి జట్టును ఊరూరా తిప్పడమే ఒక పరీక్ష. దారిలో భోజనశాలలు లోపలికి రానివ్వవు, బసలు గది ఇవ్వవు, కొన్నిచోట్ల మూత్రశాలలు కూడా వాడుకోనివ్వరు. అందుకే ప్రయాణానికి ముందే రొట్టెలు, మాంసం కొని శాండ్‌విచ్‌లు కట్టుకుని బయలుదేరేవారు. అలాంటి ప్రయాణాల్లోనూ ఆటగాళ్లు కోటు, టై వేసుకునే రావాలన్నది ఆయన నియమం. వసతి గృహంలో తెల్లవారుజామునే చేతిగంట మోగిస్తూ గదిగదికీ తిరిగి పిల్లలను లేపి తరగతులకు పంపేవారు. బల్ల దగ్గర కూర్చుని తినే మర్యాద, విలేకరి అడిగినప్పుడు నిలబడి జవాబు చెప్పే తీరు కూడా నేర్పేవారు. ఈనాటి కళ్లకు ఇది అతి క్రమశిక్షణగా తోచవచ్చు. ఆటగాడు చేసే చిన్న పొరపాటును అతని జాతి మొత్తానికి అంటగట్టే సమాజంలో ఆ పిల్లలను బతికించుకునే ఉపాయంగా దాన్ని చూడాలి. లూసియానాలో తన వంటివారికి ఉన్నత చదువు అందుబాటులో లేనప్పుడు ఆయన ఉత్తరాదికి వెళ్లి 1954లో అయోవా విశ్వవిద్యాలయం నుంచి మాస్టర్స్ పట్టా తెచ్చుకున్నారు. చదువు విషయంలో శిష్యులను వదిలిపెట్టకపోవడానికి ఆ అనుభవం కూడా ఒక కారణమై ఉండాలి.

వృత్తి ఫుట్‌బాల్‌లో 1934 నుంచి 1945 దాకా ఒక్క నల్లజాతి ఆటగాడు కూడా లేడు. 1946లో లాస్ ఏంజిలిస్‌కు వచ్చిన రామ్స్ జట్టు, అక్కడి ప్రభుత్వ స్టేడియం వాడుకోవాలంటే వర్ణభేదం పాటించరాదన్న ఒత్తిడి వచ్చాక కెన్నీ వాషింగ్టన్, వుడీ స్ట్రోడ్ అనే ఇద్దరిని తీసుకుంది. ఆ ఇద్దరూ కాలిఫోర్నియాలోని పెద్ద విశ్వవిద్యాలయంలో చదివినవారు. నల్లజాతి కళాశాలల్లో ఆడేవారి వైపు వృత్తి జట్లు కన్నెత్తి చూడలేదు. అక్కడి ఆట నాణ్యత తక్కువన్నది వాళ్ల అభిప్రాయం. 1949లో అదే రామ్స్ జట్టు గ్రాంబ్లింగ్ నుంచి పాల్ యంగర్‌ను చేర్చుకుంది. యుద్ధ ట్యాంకులా దూసుకెళ్తాడని అందరూ అతణ్ణి ట్యాంక్ యంగర్ అని పిలిచేవారు. నల్లజాతి కళాశాలల నుంచి ప్రధాన వృత్తి లీగ్ అయిన నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌కు వెళ్లిన మొదటి ఆటగాడు అతనే. నువ్వు విఫలమైతే నల్లజాతి కళాశాలల్లోని మేటి ఆటగాణ్ణి కూడా పరీక్షించి చూశామని చెప్పి తలుపు మళ్లీ మూసేస్తారని బయలుదేరే ముందు రాబిన్సన్ అతణ్ణి హెచ్చరించారు. ఇరవై ఏళ్లు దాటీ దాటని యువకుడి భుజాన అంత బరువు మోపడం న్యాయమేనా అన్న ప్రశ్న వస్తుంది. న్యాయం కాదు. కానీ ఆ బరువును మోపింది కోచ్ కాదు. అది ముందే అక్కడ ఉందని ఆయన దాచకుండా చెప్పారు. యంగర్ పది సీజన్లు ఆడాడు, 1951లో రామ్స్ గెలిచిన లీగ్ కప్పులో పాలుపంచుకున్నాడు, ఆట మానేశాక వృత్తి జట్ల కార్యాలయాల్లో ఉన్నత పదవులు నిర్వహించాడు.

యంగర్ తర్వాత గ్రాంబ్లింగ్ పేరు వృత్తి జట్ల ఎంపిక జాబితాల్లో చేరిపోయింది. 1955లో పది ఆటలూ గెలిచిన జట్టులోని విల్లీ డేవిస్ ఆ తర్వాత గ్రీన్ బే ప్యాకర్స్ జట్టు రక్షణ వరుసకు నాయకుడై ఐదు లీగ్ కప్పులు అందుకున్నాడు. బుకానన్ కాన్సాస్ సిటీ రక్షణ వరుసకు మూలస్తంభమయ్యాడు. ఏ జట్టూ ఎంపిక చేయని విల్లీ బ్రౌన్, ఎదుటి జట్టు పాస్‌లను అడ్డుకునే కార్నర్‌బ్యాక్ స్థానపు చరిత్రలో మేటివాడిగా నిలిచి, 1977 జనవరిలో జరిగిన వృత్తి ఫుట్‌బాల్ అంతిమ పోటీ సూపర్ బౌల్‌లో ఎదుటి జట్టు విసిరిన బంతిని అందుకుని 75 గజాలు పరుగెత్తాడు. చార్లీ జాయినర్ 750 సార్లు బంతి అందుకుని, ఆట నుంచి తప్పుకునేనాటికి ఆ లెక్కలో అందరికన్నా ముందున్నాడు. ఈ నలుగురూ వృత్తి ఫుట్‌బాల్ గౌరవ మందిరంలో ఉన్నారు. మొత్తం మీద రాబిన్సన్ శిష్యుల్లో 200 మందికి పైగా వృత్తి జట్లలో ఆడారు. ఆధునిక వ్యాయామశాలలు లేని, ఉపకార వేతనాలకు కూడా వెతుక్కునే ఒక కళాశాలకు ఇది ఎలా సాధ్యమైందన్న ప్రశ్నకు, కోచ్ నైపుణ్యంతో పాటు, బర్మింగ్‌హామ్ నుంచి బుకానన్ లూసియానాకు రావలసి వచ్చిన కారణాన్ని కూడా జవాబులో చేర్చాలి. దక్షిణాదిలోని అత్యుత్తమ నల్లజాతి ఆటగాళ్లను ఎంచుకునే అవకాశం కొద్దిపాటి కళాశాలలకే ఉండేది. వాటిలో వృత్తి జట్లకు దారి తెలిసిన కళాశాల గ్రాంబ్లింగ్ అన్న పేరు వచ్చాక ఇక కుర్రాళ్లే వెతుక్కుంటూ వచ్చారు.

ఆ పేరును దేశమంతటా వినిపించేలా చేయడంలో కళాశాల క్రీడా ప్రచార అధికారి కాలీ నికల్సన్ పాత్ర పెద్దది. సొంత ఊళ్లో కొన్ని వేలమంది ప్రేక్షకులకే చోటున్న జట్టును ఆయన నగరాలకు తీసుకెళ్లాలనుకున్నారు. 1968లో న్యూయార్క్‌లోని యాంకీ స్టేడియంలో మోర్గాన్ స్టేట్‌తో జరిగిన ఆటకు 60 వేలకు పైగా జనం వచ్చారు. ఆ ఆటలో గ్రాంబ్లింగ్ 9-7 తేడాతో ఓడింది, అయినా వచ్చిన డబ్బూ కీర్తీ అంతకు ముందు ఏ గెలుపుతోనూ రాలేదు. 1974 నుంచి అదే రాష్ట్రంలోని సదరన్ విశ్వవిద్యాలయంతో జరిగే ఏటేటి పోటీ న్యూ ఆర్లీన్స్ నగరానికి పెద్ద పండుగగా మారింది. 1976లో గ్రాంబ్లింగ్, మోర్గాన్ స్టేట్ జట్లు టోక్యోలో ఆడాయి. ఇలా ఊరూరా తిరిగే జట్టుగా మారడం వల్లే గ్రాంబ్లింగ్ ఆర్థికంగా నిలబడగలిగింది.

ఇన్ని జరిగినా క్వార్టర్‌బ్యాక్ స్థానం మాత్రం మూసే ఉంది. రాబిన్సన్ ఆ స్థానాన్ని ప్రత్యేకంగా లక్ష్యం చేసుకున్నది 1960ల నడుమ. లూసియానాలోని మన్రో పట్టణపు కుర్రాడు జేమ్స్ హారిస్ 1965లో చేరినప్పుడు, అతణ్ణి వృత్తి జట్టుకు క్వార్టర్‌బ్యాక్‌గానే పంపాలని నిర్ణయించుకుని నాలుగేళ్ల పాటు ఆ దృష్టితోనే తయారు చేశారు. పరుగు మీద ఆధారపడే తన పాత ఆటతీరును మార్చుకుని వృత్తి జట్ల పద్ధతిలో బంతి విసిరే ఆటను అతనికి నేర్పారు. మరే స్థానానికీ మారనని హారిస్ కూడా పట్టుబట్టాడు. ఫలితంగా 1969 ఎంపికలో అతని పేరు ఎనిమిదో విడత దాకా ఎవరూ పిలవలేదు. నిరాశతో మానుకోబోయిన అతణ్ణి, నువ్వు వెళ్లకపోతే తర్వాతివాళ్లకు దారి ఇంకా ఆలస్యమవుతుందని చెప్పి పంపింది రాబిన్సనే. ఆ సంవత్సరమే బఫలో జట్టు తొలి ఆటలో హారిస్ క్వార్టర్‌బ్యాక్‌గా దిగాడు. సీజన్ మొదటి ఆటను ఆ స్థానంలో ప్రారంభించిన తొలి నల్లజాతి ఆటగాడు అతనే. 1974లో రామ్స్ జట్టును సీజన్ చివరి నాకౌట్ పోటీలైన ప్లేఆఫ్స్‌కు నడిపించి అక్కడ ఒక ఆట గెలిపించాడు, మరుసటి జనవరిలో తారల పోటీ అయిన ప్రో బౌల్‌లో ఉత్తమ ఆటగాడయ్యాడు. అయినా జట్టులో అతని స్థానం ఎన్నడూ నిశ్చింతగా లేదు.

హారిస్ తెరిచిన దారిలో డగ్ విలియమ్స్ మరింత దూరం వెళ్లాడు. బాటన్ రూజ్ పొరుగున ఉన్న జాకరీ ఊరివాడు. 1977లో అతను బంతిని అవతలి కొసకు చేర్చే టచ్‌డౌన్ పాస్‌లు 38 విసిరి, దేశంలో ఉత్తమ కళాశాల ఆటగాడికిచ్చే హైస్‌మన్ పురస్కారపు ఓటింగ్‌లో నాలుగో స్థానం పొందాడు. ఒక నల్లజాతి కళాశాల ఆటగాడికి అది ఊహించని గౌరవం. టాంపా బే జట్టు తన సహాయక కోచ్ జో గిబ్స్‌ను గ్రాంబ్లింగ్‌కు పంపి, అతణ్ణి దగ్గరగా పరిశీలించాక 1978లో మొదటి విడతలోనే 17వ ఎంపికగా తీసుకుంది. అంతకు ముందు వరుసగా 26 ఆటలు ఓడి నవ్వులపాలైన ఆ జట్టును విలియమ్స్ రెండో సీజన్‌కే సూపర్ బౌల్‌కు ఒక్క గెలుపు దూరానికి తీసుకెళ్లాడు. అయితే అతనికిచ్చిన జీతం ఇతర జట్లలో బల్ల మీద కూర్చునే కొందరు క్వార్టర్‌బ్యాక్‌ల జీతం కన్నా తక్కువ. జీతం తగాదాతో జట్టు వదిలిపెట్టి, వేరే లీగ్‌లో ఆడి, చివరికి గిబ్స్ ప్రధాన కోచ్‌గా ఉన్న వాషింగ్టన్ జట్టుకు ప్రత్యామ్నాయ ఆటగాడిగా చేరాడు. 1987 సీజన్ చివర్లో అతనికి అవకాశం వచ్చింది. 1988 జనవరి 31న శాన్ డియాగోలో డెన్వర్‌తో జరిగిన సూపర్ బౌల్‌లో, జట్టు 10-0 వెనుకబడి, తన మోకాలు మెలిపడిన స్థితి నుంచి, రెండో పావు భాగంలోనే నాలుగు టచ్‌డౌన్ పాస్‌లు విసిరాడు. ఆ పదిహేను నిమిషాల్లో వాషింగ్టన్ 35 పాయింట్లు చేసి, చివరికి 42-10తో గెలిచింది. సూపర్ బౌల్‌ను ప్రారంభించిన, గెలిచిన తొలి నల్లజాతి క్వార్టర్‌బ్యాక్‌గా విలియమ్స్ ఆ రాత్రి ఉత్తమ ఆటగాడి పురస్కారం అందుకున్నాడు. నల్లజాతివాడు ఆలోచించే స్థానానికి పనికిరాడన్న వాదనకు అంతకన్నా పెద్ద వేదిక మీద జవాబు చెప్పడం సాధ్యం కాదు. ఒక కళాశాల కోచ్ ఇరవై ఏళ్లకు పైగా పట్టిన పట్టుకు వచ్చిన ఫలం అది.

ఈలోగా గ్రాంబ్లింగ్ కింద నేల కదులుతూనే ఉంది. లూసియానా స్టేట్ ప్రధాన జట్టులో 1972లో మొదటిసారి నల్లజాతి ఆటగాళ్లు కనిపించారు. ఆ దశకం ముగిసేసరికి దక్షిణాదిలోని ప్రతి పెద్ద విశ్వవిద్యాలయమూ ఒకప్పుడు గ్రాంబ్లింగ్‌కు మాత్రమే వెళ్లే కుర్రాళ్ల ఇళ్లకు మనుషులను పంపసాగింది. లక్ష దరిదాపు జనం పట్టే స్టేడియాలు, ప్రతి వారం టెలివిజన్ ప్రసారం, కొత్త భవనాలు వాళ్లు చూపగలిగేవి. రాబిన్సన్ చూపగలిగింది తన శిష్యుల చరిత్ర. అయినా 1960 నుంచి 1986 దాకా వరుసగా 27 సీజన్లలో ఆయన జట్లు ఓటముల కన్నా గెలుపులే ఎక్కువగా నమోదు చేశాయి. ప్రతిభ వలస పోవడం మొదలయ్యాక కూడా అలా నిలదొక్కుకోవడంలో ఆయన నైపుణ్యం ఎంతో ఉంది. పోటీపడే మిగతా నల్లజాతి కళాశాలలు కూడా అదే నష్టాన్ని భరించడం కొంత కారణం.

1985 అక్టోబరు 5న డాలస్‌లోని కాటన్ బౌల్‌లో ప్రెయిరీ వ్యూ జట్టు మీద 27-7 గెలుపుతో రాబిన్సన్ 324వ విజయం అందుకుని, అలబామా కోచ్ బేర్ బ్రయంట్ పేరిట ఉన్న 323 విజయాల రికార్డును దాటారు. చిన్న కళాశాలల మీద గెలిచిన ఆటలను పెద్ద విశ్వవిద్యాలయాల మీద గెలిచినవాటితో ఎలా పోలుస్తారని కొందరు ఆక్షేపించారు. పైకి సబబుగా కనిపించే ఈ ఆక్షేపణ అసలు సంగతిని వదిలేస్తుంది. పెద్ద విశ్వవిద్యాలయాలు దశాబ్దాల పాటు నల్లజాతి కళాశాలలతో ఆడటానికే ఒప్పుకోలేదు. బుకానన్ వంటి వాళ్లను బ్రయంట్ జట్టు 1962లో ఎదుర్కోవలసి వస్తే ఆ లెక్కలు ఎలా ఉండేవో ఎవరూ చెప్పలేరు. తనకు అనుమతి ఉన్న ప్రత్యర్థులందరితోనూ ఆడి గెలిచిన మనిషిని, అనుమతి లేని ప్రత్యర్థులతో ఆడలేదని తక్కువ చేయడం తప్పు.

పెద్ద విశ్వవిద్యాలయంలో ఆయన ఇంతగా గెలిచి ఉండేవారా అన్న ప్రశ్న కూడా ఇలాంటిదే. అగ్రశ్రేణి విశ్వవిద్యాలయం ఒక నల్లజాతి కోచ్‌కు జట్టు పగ్గాలు అప్పగించడం మొదటిసారి 1979లో జరిగింది. విచిటా స్టేట్ విల్లీ జెఫ్రీస్‌ను నియమించింది. నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఆధునిక యుగంలో తొలి నల్లజాతి ప్రధాన కోచ్ ఆర్ట్ షెల్ బాధ్యతలు తీసుకున్నది 1989లో. అప్పటికి రాబిన్సన్ వయసు 70. ఆయన సామర్థ్యం నిండుగా ఉన్న రోజుల్లో ఆ పరీక్ష రాయనివ్వలేదు.

ఆయన మీద వచ్చిన విమర్శల్లో ఎక్కువ బరువున్నవి సొంతవాళ్ల నుంచి వచ్చాయి. 1967లో గ్రాంబ్లింగ్ విద్యార్థులు ఆటకిస్తున్న ప్రాముఖ్యం చదువుకు దక్కడం లేదని ఆందోళనకు దిగారు. జోన్స్ నడిపిన విధానంలోని లోటును ఆ విద్యార్థులు సరిగ్గానే పట్టుకున్నారు. ఫుట్‌బాల్ కీర్తి గ్రంథాలయాన్నో ప్రయోగశాలనో దానంతటదే నిర్మించదు. పౌరహక్కుల ఉద్యమం ఉధృతంగా ఉన్న ఆ కాలంలో రాబిన్సన్ వీధుల్లోకి రాలేదు. అమెరికా మీద తన విశ్వాసాన్ని బాహాటంగా చెబుతూ, వ్యవస్థను నిందించకుండా దానిలోనే మీ విలువ నిరూపించుకోండని శిష్యులకు నేర్పారు. కొందరు యువకులకు అది లొంగుబాటుగా కనిపించింది. యంగర్‌కు ఇచ్చిన హెచ్చరికనూ, హారిస్ శిక్షణనూ, విలియమ్స్ దాకా సాగిన పట్టుదలనూ కలిపి చూస్తే దాన్ని లొంగుబాటు అనలేం. ఉద్యమం చట్టాన్ని మార్చింది. చట్టం చేరుకోలేని జట్టు యజమానుల నమ్మకాన్ని ఆయన మార్చారు. అయితే నిరూపించుకునే భారమంతా అన్యాయానికి గురైనవారి మీదే ఉంచే పద్ధతి అది. అదే ప్రతిభ ఉన్న తెల్ల కుర్రాడు తన జాతి తరఫున ఏదీ నిరూపించవలసిన పని లేకుండా ఆడుకోగలిగాడన్న నిజం ఆ పద్ధతి వల్ల మారలేదు.

చివరి సంవత్సరాలు బాధాకరంగా గడిచాయి. 1995 అక్టోబరులో 400వ విజయం అందిన సీజన్ కూడా ఐదు గెలుపులు, ఆరు ఓటములతో ముగిసింది. తర్వాతి రెండు సీజన్లలో మూడేసి ఆటలే గెలిచారు. 1996 చివర్లో ఆయనను తప్పించే ప్రయత్నం జరిగితే దేశమంతటా నిరసన లేచి, రాష్ట్ర గవర్నర్ దాకా కల్పించుకున్నాక, 1997 సీజన్ పూర్తయ్యాక వైదొలగేలా ఒప్పందం కుదిరింది. చివరి ఆటలో సదరన్ జట్టు 30-7తో గెలిచింది. ఈ పతనానికి వయసునూ పాతబడిన పద్ధతులనూ కారణంగా చెప్పినవారి మాటలో కొంత నిజం ఉంది. కానీ ఆ సంవత్సరాల్లోనే లూసియానాలోని మేటి నల్లజాతి ఆటగాళ్లు ఏ జట్ల చొక్కాలు వేసుకున్నారో చూస్తే మిగతా కారణం కనిపిస్తుంది. ఆయన వారసుడిగా 1998లో పగ్గాలు అందుకున్నది డగ్ విలియమ్స్.

విశ్రాంతి జీవితంలో ఆయనను అల్జైమర్స్ వ్యాధి కుంగదీసింది. 2007 ఏప్రిల్ 3న గ్రాంబ్లింగ్ పక్కనే ఉన్న రస్టన్‌లో 88వ ఏట మరణించినప్పుడు, ప్రజల సందర్శనార్థం ఆయన పార్థివ దేహాన్ని బాటన్ రూజ్‌లోని రాష్ట్ర శాసనభవనంలో ఉంచారు. మొత్తం గెలుపుల రికార్డును అంతకు ముందే, 2003లో, మిన్నెసోటాలోని ఒక చిన్న కళాశాల కోచ్ జాన్ గాలియార్డీ దాటారు. అగ్రశ్రేణి విభాగంలో పెన్ స్టేట్ కోచ్ జో పటర్నో 2011లో 409కి చేరారు.

రాబిన్సన్ కోరుకున్న మార్పు ఏ స్థాయికి చేరిందో 2023 ఫిబ్రవరి సూపర్ బౌల్ చూపింది. ఆ ఆటను ప్రారంభించిన క్వార్టర్‌బ్యాక్‌లు ఇద్దరూ, ప్యాట్రిక్ మహోమ్స్, జేలెన్ హర్ట్స్, నల్లజాతివారే. అలా జరగడం అదే మొదటిసారి. ఇద్దరిలో ఎవరూ నల్లజాతి కళాశాలలో చదవలేదు. 2021 డిసెంబరులో దేశంలోని అగ్రశ్రేణి ఉన్నత పాఠశాల ఆటగాడు ట్రావిస్ హంటర్ పెద్ద విశ్వవిద్యాలయాన్ని కాదని, డియాన్ సాండర్స్ కోచ్‌గా ఉన్న జాక్సన్ స్టేట్ అనే నల్లజాతి విశ్వవిద్యాలయంలో చేరినప్పుడు, పాత రోజులు తిరిగొస్తాయేమోనన్న ఆశ కలిగింది. ఏడాది తిరిగేసరికి సాండర్స్ కొలరాడో విశ్వవిద్యాలయానికి మారారు, హంటర్ ఆయన వెంటే వెళ్లి 2024లో హైస్‌మన్ పురస్కారం గెలిచాడు. 2021 జులై నుంచి కళాశాల ఆటగాళ్లు తమ పేరు, గుర్తింపు మీద డబ్బు సంపాదించుకోవచ్చు, కళాశాల మారడం కూడా మునుపటికన్నా తేలికైంది. ఆటగాళ్లకు ఇది న్యాయమైన హక్కే. అయితే ఈ నియమాల కింద ఒక చిన్న కళాశాల కోచ్ నాలుగేళ్ల ప్రణాళికతో జేమ్స్ హారిస్ వంటివాణ్ణి తయారు చేయాలనుకుంటే, మొదటి మంచి సీజన్ ముగియగానే ఆ కుర్రాడికి పెద్ద విశ్వవిద్యాలయాల నుంచి పిలుపు వస్తుంది.